లేదనలేనివాడి చేను

నిరంజనయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న తెచ్చి ముందు పెడితే ఆయన దాన్ని ముట్టుకునేవారు కారు. దాని వెనక ఉన్న చిన్న సంగతేమిటో అడిగేవారు. మాయ అంటే ఏమిటని అడగడానికి వచ్చినవాణ్ణి, పొద్దున ఇంట్లో ఎవరితో గొడవ పడ్డావని అడిగారు. ముక్తి గురించి అడిగిన ఒక బడిపంతులు, తమ్ముడితో ఏళ్ళ తరబడి మాటల్లేని సంగతి చెప్పుకుని, ముక్తి మాట మరిచిపోయి, మఠం నుంచి తిన్నగా తమ్ముడి ఇంటికి పోయాడు. అందుకే ఊళ్ళో కొందరు ఆ కొండవాలు మఠానికి వెళ్ళడం మానుకున్నారు. వేదాంతం విందామని పోతే ఇంటి గుట్టు చెప్పుకుని రావలసి వస్తోందని వాళ్ళ ఫిర్యాదు. మిగిలినవాళ్ళు మాత్రం సాయంత్రాలు వెళ్ళి, రేకుల పంచలో కూర్చుని, ఆయన చెప్పింది కొంతా చెప్పనిది కొంతా మూటగట్టుకుని వచ్చేవారు.

ఒక ఎండాకాలం సాయంత్రం, ఇంకా ఎండ చల్లబడకముందే, టైలరు సుంకన్న ఆ పంచలోకి వచ్చి దండం పెట్టి కూర్చున్నాడు. చెమట తుడుచుకుని, గొంతు సవరించుకుని అడిగాడు.

“సామీ, లేదనలేక ఇచ్చింది దానమవుతాదా?”

ఆ ప్రశ్నను అతను అంగడి నుంచి మఠం దాకా మనసులో నూరుకుంటూ వచ్చాడు. అడిగేశాక అతనికే ముచ్చటేసింది. నిజం చెప్పాలంటే ప్రశ్న మీద కన్నా జవాబు మీదే అతనికి ఆశ ఎక్కువ. ఇష్టం ఉండి ఇచ్చేవాడిదేముంది, ఇష్టం లేకుండా ఇచ్చినవాడి పుణ్యం రెండింతలు అని గురువుగారు అంటారనీ, ఆ మాట పట్టుకుని ఇంటికి పోతే ఈ రాత్రికి కంటినిండా నిద్ర పడుతుందనీ అతని లెక్క.

నిరంజనయ్యగారు, “ఎవరికిచ్చినావు నాయనా?” అని అడిగారు.

అంతే. పుణ్యం పక్కకు పోయి, పక్కింటి గిడ్డమ్మ ముందుకొచ్చింది.

గిడ్డమ్మ సంగతి చెప్పేముందు సుంకన్న సంగతి చెప్పాలి. అతనికి ‘దానికేముంది’ అన్నది ఊతపదం. రేపటికి జాకెట్టు ఇస్తావా సుంకన్నా అంటే, దానికేముంది అంటాడు. ఎల్లుండికి ప్యాంటు కావాలంటే, దానికేముంది. అప్పటికి గుడ్డ కత్తిరించి కూడా ఉండడు. ఊళ్ళో ఆడవాళ్ళు అతని సంగతి ఎరిగి, వచ్చే వారంలో ఉన్న పెళ్ళిని రేపేనని చెప్పి గుడ్డ ఇచ్చేవారు. అలాగని అతను అబద్ధాలకోరు కాడు. ఒకరి సొమ్ముకు ఆశపడినవాడూ కాడు. ఎదుటి మనిషి మొహం చిన్నబోవడం చూడలేడు, అంతే. అడిగినవాళ్ళు నవ్వుతూ గడప దిగిపోతే చాలు, తర్వాతి సంగతి తర్వాత. “మొగమాటానికి పోతే కడుపయిందంట, నీ కత అట్లనే ఉండాది” అని అతని భార్య ఉరుకుందమ్మ మొట్టికాయ వేసినట్టు అనేది. దానికీ అతను నవ్వి ఊరుకునేవాడు.

అతనికి ఊరి బయట, కాలువ కింద, అందరి చేల తర్వాత వచ్చే చిట్టచివరి చేను ఒకటుంది. అరెకరానికి మించదు. జొన్న వేసేవాడు. ఒక ఏడాది కోత అయిపోయాక గిడ్డమ్మ వచ్చి, కొయ్యకాళ్ళు ఊరికే ఎండిపోతున్నాయి కదా, బర్రెల్ని తోలుకోనా అని అడిగింది. ఆమె మొగుడు పోయాక రెండు బర్రెలూ, ఒక మనవరాలూ తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. “దానికేముందక్కా, తోలుకో. ఎరువన్నా పడుతుంది” అన్నాడు సుంకన్న. ఆ మాట అన్నప్పుడు అతనికి నిజంగానే సంతోషంగా ఉండింది. పేచీ తర్వాత మొదలైంది. మరుసటేడూ ఆమె వచ్చింది. ఆ పైయేడూ వచ్చింది. ఎండాకాలం రాగానే చేను గిడ్డమ్మ బర్రెలదన్నట్టు అయిపోయింది. ఉరుకుందమ్మకు అక్కడ నాలుగు సాళ్ళు బెండ, గోరుచిక్కుడు వేసుకోవాలని కోరిక. “ఆ బర్రెలకు దండం పెట్టి అడిగొస్తా ఉండు, ఇంత చోటిస్తారా తల్లీ అని” అని దెప్పేది. గట్టు మీద నిమ్మచెట్టుకు బర్రెలు ఒళ్ళు రుద్దుకుంటే కొమ్మ విరిగింది. సుంకన్న ఆ కొమ్మను చూసి ఇంటికొచ్చి అన్నం తినలేదు. అన్నం మానేశాడు గానీ గిడ్డమ్మతో ఒక్క మాట అనలేదు. మింగలేక కక్కలేక తిరిగేవాడు. ఆమె ఎదురుపడితే మాత్రం “బాగుండావా అక్కా” అని మొహం నిండా నవ్వేవాడు.

ఇదంతా నిరంజనయ్యగారికి చెప్పుకుని, “ఈ పొద్దు మళ్ళా వచ్చింది సామీ. అంగట్లోకే వచ్చి అడిగింది. నేను సరేనంటి. ఇచ్చిన పుణ్యమూ దక్కక, ఇయ్యని సుఖమూ దక్కక, నా బతుకేం బతుకనిపించి ఈడికొచ్చినా” అన్నాడు సుంకన్న.

“ఏమని అడిగింది?”

“ఇంకేం అడుగుతాది? ఎప్పుడూ అడిగేదే.”

“ఎప్పుడూ అడిగేది నాకెట్ల తెలుస్తాది? ఆమె ఏ మాట అనిందో ఆ మాటే చెప్పు.”

సుంకన్నకు కొంచెం చిరాకేసింది. తను దానం గురించి అడిగితే ఈయన బర్రెల గురించి అడుగుతున్నాడేమిటని. అయినా గురువుగారు అడిగారు కాబట్టి కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. మధ్యాహ్నం మిషను మీద వంగి ఉన్నాడు. గడపలో నీడ పడింది. తల ఎత్తకుండానే గిడ్డమ్మ అని తెలిసిపోయింది, గుండెలో రాయి పడ్డట్టయింది, మళ్ళీ వచ్చింది దేవుడా అనుకున్నాడు. ఆమె ఏదో చెబుతూనే ఉంది. చెవిన పడలేదని కాదు. ప్రతి మాటా చెవిన పడింది, ఒక్కటీ లోపలికి పోలేదు. ఆమె మాట ముగిసేలోపే ఇతని నోరు తన పని తాను చేసేసింది.

“‘సుంకన్నా, ఈ తూరి నీ చేను పిలకేసింది కదా’ అనింది సామీ. ‘నీ వంతు నీళ్ళు రెండు తూర్లు పారింటాయి కదా, నాము విరిగినట్టేనా, చూడి బర్రెను గూడా తోలుకోవచ్చునా, నువ్వు చెప్తేనే తోలుతా’ అనింది. నేను…”

అక్కడ సుంకన్న నోరు ఆగిపోయింది.

జొన్న పండించే సీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. కోసిన జొన్న మొదళ్ళ నుంచి లేచే పిలక, నీళ్ళు చాలక ఎండలో గిడసబారితే, దానిలో నాము చేరుతుంది. నాము అంటే విషమే. చూడటానికి పచ్చగా, లేతగా, గొడ్డును రమ్మని పిలుస్తున్నట్టుగా ఉంటుంది. మేసిన గొడ్డు నురుగు కక్కుకుని, వణికి, ఒక్కోసారి దొడ్డిదాకా కూడా రాకుండా పడిపోతుంది. బాగా తడి తగిలి, పిలక ఏపుగా ఎదిగి పూతకొస్తే నాము విరుగుతుంది. అందుకే ఎంత తెలిసిన కాపరి అయినా పిలక జొన్నలోకి గొడ్లను తోలేముందు చేనుగల్లవాణ్ణి అడుగుతాడు. ఆ చేను ఎప్పుడు తడిసిందో చేనుగల్లవాడికే తెలుసు. అతను అవునంటే తోలుతాడు, కాదంటే లేదు. ఆ మాటకు అక్కడ అంత విలువ.

సుంకన్న చేనికి ఆ ఎండాకాలం చుక్క నీరు పారలేదు. కోత కాగానే పడ్డ ఒక జల్లుకు పిలక లేచింది, అంతటితో సరి. కాలువ నీళ్ళ వంతు రెండుసార్లు అతనికి వచ్చిన మాట నిజమే. రెండుసార్లూ పై చేని మద్దిలేటి వచ్చి, “నా మిరప వాడిపోతాంది, నీ వంతు నాకియ్యప్పా” అని అడిగాడు. సుంకన్న ఏమన్నాడో మళ్ళీ చెప్పనక్కర లేదు.

“నేను దానికేముందంటి సామీ” అన్నాడు సుంకన్న, లేచి నిలబడి. మొహంలో నెత్తురు చుక్క లేదు. “పొద్దు వాలినాక తోలుకుపోతానని చెప్పి పాయె.”

నిరంజనయ్యగారు బయటికి చూశారు. రేకుల నీడ అప్పటికే మెట్లు దిగి ముంగిట్లోకి సాగింది. ఆయన లోపలికి వెళ్ళి, ప్రసాదానికి ఉంచిన బెల్లం దిమ్మ తెచ్చి సుంకన్న చేతిలో పెట్టారు.

“దానమా కాదా అనేది తర్వాత చూద్దాం. ఉరుకు.”

సుంకన్న ఉరికాడు. చెప్పులు మఠంలోనే ఉండిపోయాయి. పరిగెత్తుతూనే గిడ్డమ్మకు ఫోను చేశాడు. ఆ ఫోను ఎప్పుడూ ఉండేచోటే, అంటే మనవరాలి చేతిలోనే ఉంది. “అవ్వ బర్రెల్ని తోలుకుని అప్పుడే పాయె మామా” అంది ఆ పిల్ల. పక్క ఊళ్ళో ఉండే పశువుల డాక్టరుకు చేశాడు. నాము అన్న ఒక్క మాటకే ఆయన, “బెల్లం నీళ్ళు తాపిస్తా ఉండు, సూది తీసుకుని వస్తాన్నా” అని పెట్టేశాడు. సుంకన్న కాలువ గట్టెక్కేసరికి మద్దిలేటి చెంబు పట్టుకుని ఎదురొచ్చాడు. పాపం, అతనికేం తెలుసు.

“సుంకన్నా! నా ప్యాంటు ఏమాయెనప్పా? రేపు ఊరికి పోవాల నేను.”

“కుట్టలే!” అని అరిచాడు సుంకన్న. “గుడ్డ గూడా కత్తిరించలే! రేపు గాదు, ఎల్లుండికి గూడా గాదు! పక్కకు తప్పుకో!”

మద్దిలేటి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక సుంకన్న నోట అలాంటి మాట విన్నది అదే మొదలు. ఎవరో చచ్చిపోయి ఉంటారని తీర్మానించుకుని, తనూ వెనకే పరిగెత్తాడు.

చేను కనబడింది. పై చేని మిరప తప్పితే చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే, ఆ అరెకరం పొట్టి పిలకతో పచ్చగా ఉంది. పెద్ద బర్రె ఇంకా గట్టు మీదే గరిక పీకుతోంది. చూడిది మాత్రం పిలకలోకి దిగి, తల ఎత్తకుండా మేస్తోంది. గిడ్డమ్మ నిమ్మచెట్టు నీడన కర్ర ఆనించుకుని నిలబడి, సుంకన్నను దూరం నుంచే చూసి, “రాప్పా రా” అన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె నవ్వుతోంది.

ఆ నవ్వు చూడగానే సుంకన్న పరుగు ఆగిపోయింది. ప్రాణం మీదికి వచ్చినా అలవాటు అలవాటే కదా. ఇన్నేళ్ళూ ఏ మొహం చిన్నబోతుందోనని భయపడి బతికాడో ఆ మొహం అక్కడుంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకొక్క క్షణం అలాగే నిలబడ్డాడు. ఆ క్షణంలో బర్రె ఇంకొక పిడికెడు మేసింది. అది కళ్ళారా చూశాక మాట పెగిలింది.

“వద్దక్కా! వద్దు! నా చేలో మేపొద్దు! బయటికి తోలు!”

గిడ్డమ్మ నవ్వు ఆరిపోయింది. ఊపుతున్న చెయ్యి కిందికి దిగింది. ఆ మొహం నిజంగానే చిన్నబోయింది, అతను ఎన్నోసార్లు ఊహించుకున్న దానికన్నా ఎక్కువే చిన్నబోయింది. సుంకన్న దాన్ని చూస్తూనే మళ్ళీ అరిచాడు.

“నీళ్ళు పారలేదక్కా! ఒక్క తూరి గూడా పారలే! నాము ఉండాది!”

ఆ మాటతో గిడ్డమ్మకు రోషమూ లేదు, ఆలోచనా లేదు. కర్ర ఎత్తుకుని చేలోకి దూకింది. ముగ్గురూ కలిసి బర్రెను గట్టు మీదికి తోలారు. అప్పటికే దాని నడకలో తేడా వచ్చింది. కాలువ పక్కకు వచ్చేసరికి ముందుకాళ్ళు మడత పడ్డాయి. ఒక పక్కకు ఒరిగి, గసపోస్తూ, మూతి వెంట నురుగు కారుస్తూ పడిపోయింది. “నా తల్లీ” అని గిడ్డమ్మ దాని మెడ పట్టుకుంది. ఏడవలేదు. “కాలువలో నీళ్ళు తే, మద్దిలేటీ, నీ చెంబు తే, తల ఎత్తి పట్టు” అని ఒకటే పురమాయింపు. సుంకన్న రాతి మీద బెల్లం చితక్కొట్టాడు. తొందరలో సగం మట్టిలో పడింది. నీళ్ళలో కలిపి, మద్దిలేటి దవడ పట్టుకుంటే, గుటకకు గుటక ఆగుతూ పోశారు. చూడి బర్రె కడుపు ఎగసెగసి పడుతోంది. లోపల ఇంకొక ప్రాణం ఉన్న సంగతి ముగ్గురికీ గుర్తుంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరు మోటారుసైకిలు గట్టు మీద పడేసినట్టే ఆపి దిగాడు. నరానికి సూది వేశాడు. రెప్ప ఎత్తి చూశాడు. “కడుపు నిండా మేసింటే నేను వచ్చి ఏం లాభం లేకుండా పోయుండును. మేసింది కొంచెమే. చూద్దాం” అని పక్కన కూర్చున్నాడు.

చూద్దాం అన్నాక చూడటం తప్ప చేసేదేమీ లేదు. అలా కూర్చున్నప్పుడు సుంకన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. నీళ్ళ వంతు రెండుసార్లూ మద్దిలేటికి ఇచ్చేశానని చెప్పాడు. మద్దిలేటి తల దించుకున్నాడు. మధ్యాహ్నం ఆమె అడిగింది ఏమిటో మనసు పెట్టి వినకుండానే సరేనన్నానని చెప్పాడు. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ ఒకసారి తూము ఎత్తాక నీళ్ళు ఆగవు కదా. ఇన్నేళ్ళుగా బర్రెలు చేలోకి రావడం తనకు ఇష్టం లేదనీ, నిమ్మకొమ్మ విరిగినప్పుడు అన్నం తినలేదనీ, ఉరుకుందమ్మ బెండ వేసుకుంటానని పోరుతోందనీ, లేదు అనే ధైర్యం లేక నవ్వుతూ తిరిగాననీ, అన్నీ చెప్పేశాడు. చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గిడ్డమ్మ అతని వైపు చూడకుండా బర్రె మెడ నిమురుతూనే విన్నది. చివరికి అన్నది.

“గుడ్డల విషయంలో నీ మాట ఎట్లాంటిదో ఊరందరికీ తెలుసు. అది వేరు, గొడ్ల విషయం వేరు అనుకుంటి. పిలక చూసి నాకు అనుమానం రాకపోలేదు. రెండు తడులు తాగిన వాలకం లేదే, ఇంత పొట్టిగా ఉందే అనుకుంటి. పెద్దదాన్ని గట్టు మీదనే ఆపితి. మళ్ళా సుంకన్న చెప్పినాడు గదా, వాని చేను సంగతి వానికి తెలీదా అని దీన్ని తోలితి. ఇది పోతే నేనూ ఆ పిల్లా ఏం తిని బతకాల? నీ ‘దానికేముంది’ తినాల్నా?”

ఎండ పూర్తిగా చల్లబడింది. డాక్టరు మధ్య మధ్య లేచి చెవి తాకి చూసి మళ్ళీ కూర్చునేవాడు.

ఎంతసేపటికో బర్రె చెవి ఆడించింది. వాలిన ఈగను విదిలించుకుంది, అంతే. గిడ్డమ్మ చెయ్యి మెడ మీదే ఆగిపోయింది. శ్వాస కొంచెం కొంచెంగా కిందికి దిగింది. నురుగు ఆగింది. ఇంకాసేపటికి ముందుకాళ్ళు మడుచుకుని, ఊగి, మళ్ళీ కూలబడి, రెండోసారి నిలబడింది. నిలబడిన వెంటనే చేసిన మొదటి పని ఏమిటంటే, మెడ సాచి మళ్ళీ పిలక వైపు మూతి పెట్టింది.

“ఓసి నీ కక్కుర్తి పాడుగాను!” అని గిడ్డమ్మ దాని మూతి మీద ఒకటి వేసి, వేసిన చేత్తోనే దాని నుదురు పట్టుకుని బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. డాక్టరు బర్రె కడుపు మీద చెయ్యి పెట్టి, అటూ ఇటూ తడిమి, “దూడ కదులుతాంది. ఏం భయం లేదు” అన్నాడు. సుంకన్న గట్టు మీద చతికిలబడ్డాడు. అరికాళ్ళ నిండా ముళ్ళు, అయినా ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టుంది. బర్రె బతికినందుకు ఎంతో, చెప్పవలసిందంతా చెప్పేసినందుకూ అంతే. రెండూ కలిసిపోయి ఏది ఎంతో అతనికి తెలియలేదు.

అసలు వింత అప్పుడు బయటపడింది. గిడ్డమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, అతని పక్కనే వచ్చి కూర్చుంది.

“నాకీ చేను దూరం సుంకన్నా. మా దొడ్డి ఎనకాలే చెరువు కట్ట కింద గరిక ఉండాది. ముసలి కాళ్ళేసుకుని ఇంత దూరం ఎందుకొస్తాన్నాననుకుంటివి?”

“ఎందుకు?”

“ఎరువన్నా పడుతుందంటివి గదప్పా, మొదటి తూరి. నీకు గొడ్లు లేకపాయె. పాపం నోరు తెరిచి అడగలేక అట్ల అన్నాడేమో, బర్రెల్ని తోలితే వాని చేను బాగుపడతాదిలే అనుకుంటి. మానేద్దామని రెండు మూడు తూర్లు అనుకున్నా గూడా. అడగపోతే నువ్వు నొచ్చుకుంటావేమోనని వచ్చి అడుగుతాంటి. నువ్వేమో మొహం నిండా నవ్వి తోలుకో అంటాంటివి.”

మద్దిలేటి ముందు నవ్వాడు. తర్వాత డాక్టరు నవ్వాడు. సుంకన్న నవ్వలేక, ఏడవలేక, తల పట్టుకున్నాడు. ఆమె కోసం తనూ, తన కోసం ఆమే, ఇద్దరికీ అక్కర్లేని చాకిరీని ఇన్నేళ్ళూ పోటీ పడి మోశారు. మధ్యలో నిమ్మచెట్టు కొమ్మ పోగొట్టుకుంది.

“ఒక్క తూరి వద్దు అనింటే నేనేమన్నా నిన్ను మింగేదాన్నా?” అన్నది గిడ్డమ్మ. తర్వాత బర్రె వైపు చూస్తూ, మెల్లగా అన్నది. “ఈ పొద్దు అంటివి. కడుపు రగిలింది ఆ నిమిషం. కానీ సుంకన్నా, నీ మాట మనసులో నుంచి వచ్చిందని నాకు నమ్మకం కలిగింది గూడా ఆ నిమిషమే.”

చీకటి పడకముందే బర్రెల్ని మెల్లగా నడిపించుకుని ఊరికి వెళ్ళారు. మరునాడు మద్దిలేటి అడగకుండానే తన వంతు నీళ్ళు కింది చేనికి వదిలాడు. సుంకన్న పిలక మొదళ్ళన్నీ దున్నించి పారేశాడు. ఉరుకుందమ్మ బెండ గింజలు నాటింది. నాటుతూ, “బర్రెలు ఒప్పుకున్నాయా?” అని ఒక చురక అంటించకుండా ఊరుకోలేదు. గిడ్డమ్మ చెరువు కట్ట కింద మేపుకుంటోంది. “జొన్న కోసినాక తోలుకోవచ్చునో లేదో నేనే వచ్చి చెప్తానక్కా. నేను చెప్పిన దినం రా, చెప్పకపోతే రావద్దు” అని సుంకన్న ఆమె గడపలో నిలబడి చెప్పి వచ్చాడు. ఆ మాట అనడానికి వాకిట్లో కాసేపు తచ్చాడాడనీ, అన్నాక గిడ్డమ్మ మజ్జిగ ఇచ్చి పంపిందనీ చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకు చూడి బర్రె ఈనింది. జున్ను గిన్నె ఒకటి సుంకన్న ఇంటికి వచ్చింది, ఒకటి మఠానికి చేరింది. మఠానికి ఆ గిన్నె మోసుకెళ్ళింది సుంకన్నే. గురువుగారి ముందు పెట్టి, దండం పెట్టి, జరిగినదంతా మొదటి నుంచి చెప్పాడు. నిరంజనయ్యగారు మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. చెప్పడం అయ్యాక సుంకన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. లేదనలేక ఇచ్చింది దానమవుతుందా, కాదా? గురువుగారు ఇప్పుడు చెబుతారని అతనూ, పంచలో ఉన్న మిగిలినవాళ్ళూ ఎదురుచూశారు.

నిరంజనయ్యగారు జున్ను గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టారు.

“రేపు పొద్దున మఠం గోడలకు సున్నం వేయాలనుకుంటున్నాం సుంకన్నా. నువ్వొస్తావా?”

అలవాటైన మాట సుంకన్న పెదవుల దాకా వచ్చింది. పంచలో అందరికీ అది కనబడింది. అతను దాన్ని అక్కడే ఆపి, కళ్ళు దించుకుని, నిజంగానే ఆలోచించాడు. ఎవరి గుడ్డలు ఎక్కడిదాకా వచ్చాయో, ఏది ఎవరికి ఎప్పుడు కావాలో మనసులో ఒకసారి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత తల ఎత్తి గురువుగారి మొహంలోకి చూశాడు.

“రేపు కుదరదు సామీ. మద్దిలేటికి ఇంకో ప్యాంటు కుట్టియ్యాల. ఎల్లుండయితే వస్తా.”

పంచలో ఎవరో ‘అయ్యో’ అన్నారు, గురువుగారి మాట కాదంటాడా అని. నిరంజనయ్యగారి మొహం మాత్రం జున్ను తినకముందే తిన్నంత తృప్తిగా వెలిగింది. ఆయన చెయ్యి చాచి సుంకన్న భుజం మీద వేశారు.

“ఇన్నాళ్ళకు నాకేదో ఇచ్చినావు నాయనా” అన్నారు.